పాత సర్వర్‌ని కొత్త మిషన్‌లోకి క్లోన్ చేశా, బూట్ అవడంలేదు

అంబత్తూరు_నెల్లూరోడు | ఆదివారం రాత్రి 10:52

అందరికీ నమస్కారం. చెన్నై అంబత్తూరు ఎస్టేట్‌లో ఆటో విడిభాగాలు చేసే చిన్న యూనిట్‌లో సిస్టమ్స్ చూస్తా. ఆ పనికి నేనొక్కడినే. బిల్లింగు, స్టాకు, గేట్ పాసు అన్నీ ఒకే సర్వర్ మీద నడుస్తాయి. తొమ్మిదేళ్ల నాటి మిషన్. సెంట్‌ఓఎస్ 7, పీహెచ్‌పీ, మారియాడీబీ. డిస్కులని జతచేసే రైడ్ కార్డు మీద రెండు 600 జీబీ సాస్ డిస్కులు మిర్రర్‌లో (ఒకదానికొకటి కాపీగా) ఉన్నాయి. రెండు పవర్ సప్లైల్లో ఒకటి పోయింది. పోయిన నెల నుంచి ఒక డిస్కు దగ్గర ఆరెంజ్ లైటు మిణుకుతా ఉంది.

ఓనరుగారిని ఒప్పించి కొత్త సర్వర్ తెప్పించా. రెండు 960 జీబీ ఎన్‌వీఎంఈ (కొత్త రకం ఎస్‌ఎస్‌డీ) డిస్కులు, రైడ్ కార్డు లేదు. ఈరోజు పొద్దున పాతదాన్ని ఆపి, డిస్కులు కాపీ చేసే క్లోన్‌జిల్లా పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇమేజ్ (డిస్కు కాపీ) తీసి బయటి హార్డ్‌డిస్కులో పెట్టుకున్నా. 180 జీబీ డేటా. పాత మిషన్‌లో యూఎస్‌బీ 2.0 కాబట్టి గంటన్నర పైనే పట్టింది. ఆ ఇమేజ్‌ని కొత్తదాని మొదటి డిస్కులోకి ఎక్కించా. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. రీస్టార్ట్ చేస్తే మాత్రం బూట్ డివైస్ లేదంటుంది. బయోస్‌లో డిస్కు పేరు కనిపిస్తా ఉంది, బూట్ లిస్టులో లేదు.

పాతది మళ్లీ ఆన్ చేశా, రేపటి పని దాని మీదే. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

రిచ్చీవీధి_పాతకాపు | ఆదివారం రాత్రి 11:20

తమ్ముడూ, క్లోన్ తప్పు లేదు. పాతది లెగసీ బయోస్‌లో బూట్ అయ్యేది, కొత్తది యూఈఎఫ్‌ఐ. పాత పద్ధతిలో డిస్కు మొదట్లో ఉండే చిన్న కోడ్‌ని బయోస్ చదివి నడిపిస్తుంది. యూఈఎఫ్‌ఐ దాన్ని చూడనే చూడదు. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఒకటి ఉండాలి, అందులో బూట్‌లోడర్ ఫైలు ఉండాలి. నీ పాత డిస్కులో అది లేదు, కాబట్టి క్లోన్‌లోనూ లేదు. కొన్ని మిషన్లలో లెగసీ మోడ్ ఆన్ చేసుకోవచ్చు గానీ ఎన్‌వీఎంఈ నుంచి లెగసీలో బూట్ అవడం చాలా బోర్డుల్లో కుదరదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఆ ఆరెంజ్ లైటు డిస్కుని తీసి కొత్త మిషన్‌లో పెట్టి చూద్దామనుకోవద్దు. రైడ్ కార్డు తన లెక్కలు డిస్కు మీదే రాసుకుంటుంది, ఇంకో కంట్రోలర్‌కి అవి అర్థం కాకపోవచ్చు. బయటి హార్డ్‌డిస్కులో తీసిన ఇమేజ్‌కి రేపే ఇంకో కాపీ తీసి వేరే చోట పెట్టు. నీ దగ్గర ఇప్పుడు భద్రంగా ఉన్నది అదొక్కటే.

కేఆర్‌పురం_లైనక్సు | ఆదివారం రాత్రి 11:48

బెంగళూరు నుంచి. పాతకాపుగారు చెప్పింది సరైనదే. చేయాల్సింది ఇది. సిస్టమ్‌రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో కొత్త మిషన్‌ని యూఈఎఫ్‌ఐ మోడ్‌లోనే బూట్ చేయండి. జీడిస్క్‌తో పార్టిషన్ టేబుల్‌ని పాత ఎంబీఆర్ పద్ధతి నుంచి కొత్త జీపీటీ పద్ధతికి మార్చండి. డిస్కు పాతదానికంటే పెద్దది కాబట్టి చివర ఖాళీ ఉంటుంది, అక్కడ 512 ఎంబీతో ఈఎఫ్‌ఐ పార్టిషన్ పెట్టండి. అది మొదట్లోనే ఉండాలని రూలేమీ లేదు. తర్వాత పాత రూట్‌ని మౌంట్ చేసి, క్రూట్‌లోకి (డిస్కులో ఉన్న ఆ సిస్టమ్ లోపలికి) వెళ్లి, సెంట్‌ఓఎస్ డీవీడీలో ఉన్న బూట్‌లోడర్ గ్రబ్ ఈఎఫ్‌ఐ, షిమ్, ఈఎఫ్‌ఐబూట్‌మేనేజర్ ప్యాకేజీలు వేయండి. ఏ పార్టిషన్ ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో కొత్త పార్టిషన్ లైను కలిపి, గ్రబ్ కాన్ఫిగ్ మళ్లీ తయారు చేయండి. నెట్ నుంచి ప్యాకేజీలు తెచ్చే యమ్ కమాండ్ పనిచేయదు, సెంట్‌ఓఎస్ 7 మిర్రర్లు (డౌన్‌లోడ్ సర్వర్లు) మూసేశారు. పాతవి దాచిపెట్టిన వాల్ట్ సర్వర్ చిరునామా ఇస్తే తప్ప ప్యాకేజీలు రావు.

పెన్‌డ్రైవ్ పొరపాటున లెగసీ మోడ్‌లో బూట్ అయితే గ్రబ్ పాత పద్ధతి కాన్ఫిగ్ రాసేస్తుంది. ఒకసారి నాకు సగం రాత్రి దీంతోనే పోయింది.

ఇంత శ్రమ అవసరమా అని కూడా అడుగుతున్నా. 2024 జూన్ 30తో సెంట్‌ఓఎస్ 7కి అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్త మిషన్ మీద కొత్త ఓఎస్ వేసి, డేటా మాత్రం తెచ్చుకుంటే పోదా?

పెరంబూరు_డేటాబేస్ | సోమవారం ఉదయం 7:15

ఆ చివరి మాటతో నేను ఏకీభవించను. సెంట్‌ఓఎస్ 7తో వచ్చిన పీహెచ్‌పీ 5.4. అప్పట్లో రాసిన బిల్లింగ్ ప్రోగ్రాములు చాలావరకు పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్ల మీద ఆధారపడతాయి. పీహెచ్‌పీ 7.0లో వాటిని పూర్తిగా తీసేశారు. కొత్త ఓఎస్ వేసిన రోజే ప్రోగ్రామంతా తిరగరాయాలి. ఆ పని తప్పదు, చేయాలి కూడా. కానీ ఆరెంజ్ లైటు వెలుగుతున్నప్పుడు మొదలుపెట్టే పని కాదు. ముందు హార్డ్‌వేర్ మార్చి ఊపిరి తీసుకోనివ్వండి. రెండూ ఒకేసారి మారిస్తే, బిల్లు తప్పు వచ్చిన రోజున తప్పు మిషన్‌దో ప్రోగ్రాముదో తేల్చలేరు.

తమ్ముడూ, మీ టేబుళ్లు ఏ రకంలో దాచి ఉన్నాయి, ఇన్నోడీబీనా, మైఐసామా? అది చూసి చెప్పండి.

అంబత్తూరు_నెల్లూరోడు | సోమవారం రాత్రి 11:35

అక్కా, రెండూ ఉన్నాయి. స్టాకు టేబుళ్లు మైఐసామ్, మిగతావి ఇన్నోడీబీ.

కేఆర్‌పురం గారూ, మీరు చెప్పినట్టే చేశా. ఇప్పుడు గ్రబ్ మెనూ వచ్చింది! కెర్నెల్ కూడా మొదలైంది. రెండు నిమిషాలు ఆగి, డ్రాకట్ ఇనిట్‌క్యూ టైమౌట్ అని వరసగా లైన్లు పడి, సెంట్‌ఓఎస్ రూట్ డివైస్ లేదని ఎమర్జెన్సీ షెల్‌లో నిలబడింది. గ్రబ్‌కి కనపడిన డిస్కు కెర్నెల్‌కి ఎట్ట కనపడకుండా పోయింది?

కేఆర్‌పురం_లైనక్సు | మంగళవారం ఉదయం 6:50

మంచి ప్రశ్న అడిగారు. గ్రబ్ నడిచినంతసేపూ డిస్కుని చదివి పెట్టేది మిషన్‌లోని ఫర్మ్‌వేరే, డ్రైవర్‌తో పనిలేదు. కెర్నెల్ వచ్చాక ఎవరి డ్రైవర్ వాళ్లు తెచ్చుకోవాలి. ఆ డ్రైవర్లన్నీ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే మూటలో ఉంటాయి. సెంట్‌ఓఎస్ 7లో డ్రాకట్ ఆ మూట కట్టేటప్పుడు, ఏ మిషన్ మీద కడుతుందో ఆ మిషన్‌కి కావలసినవే పెడుతుంది. దాన్ని హోస్ట్‌ఓన్లీ అంటారు. మీ పాతదాంట్లో ఉన్నది రైడ్ కార్డు, అందుకని మెగారైడ్ డ్రైవర్ పెట్టింది. ఎన్‌వీఎంఈ డ్రైవర్ మీ డిస్కు మీద ఉంది, మూటలో లేదు. ఇంటి తాళంచెవి లోపలే పెట్టి బయట తాళం వేసుకున్నట్టయింది. ఆ షెల్‌లోనే డెవ్ ఫోల్డర్‌లో ఎన్‌వీఎంఈ అనే పేరు ఉందో లేదో చూడండి, ఉండదు.

దీనికి సులువైన దారి ఒకటుంది. గ్రబ్ మెనూ చివర రెస్క్యూ అని ఒక ఎంట్రీ ఉంటుంది. సెంట్‌ఓఎస్ ఇన్‌స్టాల్ చేసినప్పుడే దానికి అన్ని డ్రైవర్లూ ఉన్న మూట కట్టిపెడతారు. దాన్ని ఎంచుకోండి. సిస్టమ్ పైకి వస్తే, అక్కడి నుంచి నో హోస్ట్‌ఓన్లీ ఆప్షన్‌తో డ్రాకట్ మళ్లీ నడపండి.

అదే పని క్రూట్‌లో చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. కెర్నెల్ వెర్షన్ చెప్పకుండా డ్రాకట్ నడిపితే అది పెన్‌డ్రైవ్ కెర్నెల్ పేరు మీద కట్టబోతుంది, డిస్కులో ఉన్న కెర్నెల్‌కి కాదు. వెర్షన్ నంబరు చేత్తో ఇవ్వాల్సిందే. కమాండ్ సరిగ్గానే నడిచినట్టుంటుంది, ఫలితం మాత్రం పాతదే. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు.

తిరుపతి_టు_తాంబరం | మంగళవారం ఉదయం 9:05

అన్నా, నేను ఈ పనికి కొత్త. డీడీ కమాండ్‌తో డిస్కుకి డిస్కు మొత్తం కాపీ కొట్టింటే ఈ బాధ ఉండేది కాదు కదా?

రిచ్చీవీధి_పాతకాపు | మంగళవారం మధ్యాహ్నం 1:30

బాబూ, డీడీతో చేసినా ఇదే షెల్‌లో ఆగేది. కాపీ ఎంత అచ్చంగా ఉంటే పాత మిషన్ అలవాట్లు అంత అచ్చంగా వస్తాయి. పైగా డీడీ ఖాళీ జాగా కూడా మోస్తుంది, క్లోన్‌జిల్లా వాడుకున్న బ్లాకులే తీసుకుంటుంది. డిస్కు నిజంగానే చెడిపోతుంటే డీడీ వద్దు, డీడీరెస్క్యూ వాడు. అది చదవగలిగినవన్నీ ముందు చదివేసి, మొండికేసిన చోట్లకి తర్వాత తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది, కరెంటు పోయినా అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇంకో రెండు విషయాలు. కొత్త డిస్కు లాజికల్ సెక్టారు 4096 అయితే, 512 మీద తీసిన ఇమేజ్ దానిమీద పనిచేయదు. కొనేముందే అడగాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌ని పెంచొచ్చు గానీ చిన్నది చేయలేం, కాబట్టి కొత్త డిస్కు పాతదానికంటే పెద్దదే తీసుకోవాలి.

అంబత్తూరు_నెల్లూరోడు | మంగళవారం రాత్రి 10:40

రెస్క్యూ ఎంట్రీతో లాగిన్ దాకా వచ్చింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నిజంగా. డ్రాకట్ మళ్లీ కట్టా, మామూలు ఎంట్రీతో కూడా వస్తా ఉంది.

ఇప్పుడు నెట్‌వర్క్ లేదు. ఐపీ కమాండ్ కొడితే లూప్‌బ్యాక్ (మిషన్ తనతో తాను మాట్లాడుకునే లైను) ఒక్కటే చూపిస్తుంది. ఆన్‌బోర్డ్ పోర్టులు రెండున్నాయి, రెండింటికీ డ్రైవర్ లేదు.

కేఆర్‌పురం_లైనక్సు | మంగళవారం రాత్రి 11:10

సెంట్‌ఓఎస్ 7 కెర్నెల్ 3.10. అసలు 3.10 విడుదలైంది 2013లో. తర్వాత చాలా డ్రైవర్లు వెనక్కి తెచ్చి కలిపారు గానీ, కొత్త నెట్‌వర్క్ చిప్‌లన్నిటికీ ఉండవు. ఐ350 చిప్ ఉన్న కార్డు ఒకటి పెడితే ఐజీబీ డ్రైవర్‌తో నడుస్తుంది.

గిండీ_నైట్‌షిఫ్ట్ | బుధవారం తెల్లవారుజామున 3:25

కార్డు కొనేలోపు ఒక మాట. ఆ కొత్త మిషన్‌కి ఇప్పుడే లాన్ కేబుల్ తగిలించొద్దు. నెట్‌వర్క్ రాకపోవడం మీ మంచికే అనుకోండి. క్లోన్ అంటే పాతదాని ఐపీ, పాతదాని క్రాన్ జాబులు (టైముకి వాటంతటవే నడిచే పనులు), మెయిల్ క్యూ, అన్నీ తెచ్చుకున్న రెండో మనిషి. మూడేళ్ల కింద నేను పనిచేసిన చోట క్లోన్‌ని పరీక్షించడానికి నెట్‌లో పెట్టా. మధ్యాహ్నం 12కి అందులోని క్రాన్ లేచి, ఎప్పుడో డబ్బు కట్టేసిన డీలర్లకి బకాయి గుర్తుచేస్తూ మెయిళ్లు పంపింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నా. మొదట క్రాన్, మెయిళ్లు పంపే పోస్ట్‌ఫిక్స్ ఆపేయండి, తర్వాతే కేబుల్.

ఇంతదూరం వచ్చాక చెబుతున్నందుకు ఏమనుకోవద్దు. మీ సర్వర్‌ని కొత్త ఇనుము మీద నేరుగా ఎందుకు నడపాలి? కొత్త మిషన్ మీద ప్రాక్స్‌మాక్స్ (ఒక మిషన్ లోపల వర్చువల్ మిషన్లు నడిపే సాఫ్ట్‌వేర్) వేయండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే రెండు ఎన్‌వీఎంఈలని జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్‌గా పెట్టుకోవచ్చు. దాని లోపల ఒక వర్చువల్ మిషన్ చేసి, మీ ఇమేజ్‌ని అందులోకి ఎక్కించండి. వర్చువల్ మిషన్‌కి పాత లెగసీ బయోసే ఇవ్వొచ్చు, యూఈఎఫ్‌ఐ గొడవే లేదు. దానికి కనిపించే నెట్‌వర్క్ కార్డు కూడా కెర్నెల్ 3.10కి తెలిసినదే. అసలు కార్డు ఏదైనా ప్రాక్స్‌మాక్స్ చూసుకుంటుంది, దాని కెర్నెల్ కొత్తది.

ఇంకొకటి. ప్రాక్స్‌మాక్స్‌లో డిస్కు కంట్రోలర్ ఎంచుకునే చోట మెగారైడ్ సాస్ (పొట్టిగా మెగాసాస్) అని ఉంటుంది. మీ పాత రైడ్ కార్డుకి ఏ డ్రైవర్ వాడుతున్నారో అదే డ్రైవర్‌తో నడిచే కార్డుగా అది కనిపిస్తుంది. అంటే మీ ఇమేజ్‌లో ఉన్న ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని ముట్టుకోకుండానే బూట్ కావాలి. అయ్యాక నో హోస్ట్‌ఓన్లీతో మూట కట్టి, ఆపి, కంట్రోలర్‌ని వర్చువల్ మిషన్ల కోసమే చేసిన వర్టియో స్కజీకి మార్చేయండి.

అంబత్తూరు_నెల్లూరోడు | బుధవారం మధ్యాహ్నం 2:10

రెండు రాత్రుల పని పక్కన పెట్టాలంటే మనసు ఒప్పట్లేదు. అయినా ఆలోచిస్తే, రేపు ఈ మిషన్ పోతే మళ్లీ ఇదే తిరుగుడు కదా అనిపిస్తుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. మా బార్‌కోడ్ ప్రోగ్రాము లైసెన్స్ పాత మిషన్ మ్యాక్ అడ్రస్‌కి (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరుకి) కట్టేసి ఉంది.

గిండీ_నైట్‌షిఫ్ట్ | బుధవారం సాయంత్రం 6:00

మీ పని పోలేదు. ఇమేజ్ సరైనదేనని, కెర్నెల్ బూట్ అవుతుందని ఇప్పటికే రుజువైంది.

వర్చువల్ కార్డుకి మనకి కావలసిన మ్యాక్ అడ్రస్ ఇవ్వొచ్చు. ఆ ప్రోగ్రాము అమ్మినవాళ్లని ఒకసారి అడిగి, మిషన్ మార్చుకోవడానికి ఒప్పుకుంటేనే పాతది ఇవ్వండి. మీ నెట్‌వర్క్ సెట్టింగులుండే ఐఎఫ్‌సీఎఫ్‌జీ ఫైల్లో మ్యాక్ రాసిన హెచ్‌డబ్ల్యూఅడ్రస్ లైను ఉంటే ఇంకా మంచిది. మ్యాక్ కలిస్తే సెంట్‌ఓఎస్ 7 కార్డుకి పాత పేరే పెడుతుంది, ఫైర్‌వాల్ రూల్స్ ఏవీ మార్చనక్కర్లేదు. కానీ ఒకే మ్యాక్‌తో రెండు మిషన్లు ఒక్క నిమిషం కూడా నెట్‌లో ఉండకూడదు.

పెరంబూరు_డేటాబేస్ | బుధవారం రాత్రి 9:20

ఇప్పుడు నా వంతు. ఆదివారం తీసిన ఇమేజ్‌లో ఉన్నది ఆదివారం నాటి డేటా. సోమవారం నుంచి పడిన బిల్లులన్నీ పాత మిషన్‌లోనే ఉన్నాయి. వర్చువల్ మిషన్ సిద్ధమయ్యాక డేటాబేస్ ఫోల్డర్‌ని మళ్లీ తేవాలి.

మైఐసామ్ ఉంది కాబట్టి సింగిల్ ట్రాన్సాక్షన్ డంప్‌ని నమ్మవద్దు, అది ఇన్నోడీబీకే పొందికైన కాపీ ఇస్తుంది. రెండు వైపులా మారియాడీబీ వెర్షన్ ఒకటే, క్లోన్ కదా, అందుకని ఫైళ్లనే తీసుకెళ్లొచ్చు. శనివారం రాత్రి పాతది నడుస్తుండగానే ఆర్‌సింక్ (తేడా ఉన్నవే కాపీ చేసే కమాండ్) ఒకసారి నడపండి. ఆ కాపీ ఎందుకూ పనికిరాదు, బరువు తగ్గించడానికి మాత్రమే. ఆదివారం రెండు వైపులా మారియాడీబీని ఆపి, డిలీట్ ఆప్షన్‌తో మళ్లీ నడపండి. మారినవే వస్తాయి కాబట్టి త్వరగా అయిపోతుంది. ఐబీడేటా ఫైలు ఒకటి, లాగ్ ఫైళ్లు ఇంకో సమయానివి అయితే ఇన్నోడీబీ లేవదు. ఫోల్డర్ మొత్తం ఒకే దెబ్బలో రావాలి. ఓనర్‌షిప్‌లు, భద్రతకి వాడే ఎస్‌ఈలైనక్స్ లేబుళ్లు కూడా తెచ్చే ఆప్షన్లు పెట్టండి.

ఆపే ముందు చివరి బిల్లు నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. ఆపాక పాత మిషన్ మీద ఎవరూ బిల్లు కొట్టకుండా చూడండి. రెండు చోట్లా ఒకే నంబరు మీద రెండు బిల్లులు పడితే జీఎస్టీ రిటర్న్ దగ్గర ఏడ్చినా లాభం ఉండదు.

తిరుపతి_టు_తాంబరం | గురువారం ఉదయం 8:30

అక్కా, ఆర్‌సింక్ కోసం రెండు మిషన్లూ నెట్‌లో ఉండాల కదా, ఇద్దరికీ ఒకే ఐపీ అయితే యాడికి పోతాది?

పెరంబూరు_డేటాబేస్ | గురువారం ఉదయం 8:55

సరిగ్గా పట్టుకున్నావు. అప్పటిదాకా వర్చువల్ మిషన్‌కి ప్రాక్స్‌మాక్స్ ఇచ్చిన మ్యాకే ఉంచాలి. మ్యాక్ కలవదు కాబట్టి పాత ఐపీ తనంతట తాను పైకి రాదు. చేత్తో ఒక తాత్కాలిక ఐపీ ఇచ్చుకోవాలి. పాతదాని కేబుల్ పీకాకే పాత మ్యాక్.

రిచ్చీవీధి_పాతకాపు | శుక్రవారం మధ్యాహ్నం 12:15

నెల్లూరోడా, కొత్త మిషన్‌ని ర్యాకులో కనీసం నడుము ఎత్తున పెట్టు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి అంబత్తూరు ఎస్టేట్‌లో నీళ్లు నిలిచినప్పుడు, తడిసిన సర్వర్లు వ్యాన్‌లో వేసుకుని మా రిచ్చీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారుకి వచ్చినవాళ్ల మొహాలు నాకింకా గుర్తే. కొన్ని డిస్కులే మళ్లీ చదవగలిగాం. ఆదివారం మీ ఏరియాలో కరెంటు కోత ఉందేమో కూడా ముందే కనుక్కో. పాత మిషన్‌కి మిగిలింది ఒక్క పవర్ సప్లై.

అంబత్తూరు_నెల్లూరోడు | ఆదివారం రాత్రి 9:45

అందరికీ వివరంగా చెప్పాలి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా.

గురువారం ప్రాక్స్‌మాక్స్ వేశా. వర్చువల్ మిషన్‌కి 620 జీబీ డిస్కు, మెగాసాస్ కంట్రోలర్, పాత బయోస్ ఇచ్చా. నెట్‌వర్క్ కార్డు సెట్టింగులో డిస్‌కనెక్ట్ టిక్కు పెట్టా. క్లోన్‌జిల్లా ఐఎస్‌ఓతో దాన్నే బూట్ చేసి, బయటి హార్డ్‌డిస్కుని లోపలికి ఇచ్చి, మొన్నటి ఇమేజ్ ఎక్కించా. గిండీ అన్నా, మొదటి దెబ్బకే లాగిన్ వచ్చింది. ఏ ఫైలూ ముట్టుకోలేదు. క్రాన్, పోస్ట్‌ఫిక్స్ ఆపి, స్నాప్‌షాట్ తీసి, డ్రాకట్ కట్టి వర్టియోకి మార్చా. అది కూడా వచ్చింది.

శుక్రవారం బార్‌కోడ్ ప్రోగ్రాము వాళ్లకి ఫోన్ చేసి అడిగితే ఒప్పుకున్నారు, మెయిల్ కూడా పంపారు. శనివారం రాత్రి మొదటి ఆర్‌సింక్ మూడు గంటలు. ఈరోజు పొద్దున రెండు వైపులా ఆపి రెండోది నడిపితే పదకొండు నిమిషాలు. తర్వాత పాతదాన్ని షట్‌డౌన్ చేసి, పవర్ కేబుల్, లాన్ కేబుల్ రెండూ పీకి, ముందువైపు కాగితం అంటించా: ఆన్ చేయరాదు. ఆ తర్వాతే పాత మ్యాక్ ఇచ్చి టిక్కు తీశా. ఐపీ దానంతటదే వచ్చింది, పేరు కూడా పాతదే. టేబుళ్లన్నీ చెక్ చేశా, ఒక మైఐసామ్ ఇండెక్స్ రిపేర్ అడిగింది, చేశా. చివరికి క్రాన్, పోస్ట్‌ఫిక్స్ మళ్లీ ఆన్ చేశా. సాయంత్రం వర్చువల్ మిషన్ మొత్తం బ్యాకప్ తీసి హార్డ్‌డిస్కు ఇంటికి తెచ్చుకున్నా.

కేఆర్‌పురం గారూ, సెంట్‌ఓఎస్ 7ని వదిలే విషయం మర్చిపోలేదు. ఇప్పుడు స్నాప్‌షాట్ తీసుకుని కాపీ మీద ప్రయత్నించొచ్చు కదా. దానికి ఇంకో థ్రెడ్ పెడతా.

కేఆర్‌పురం_లైనక్సు | ఆదివారం రాత్రి 10:20

తప్పకుండా పెట్టండి. ఆల్మా లైనక్స్ వాళ్ల ఎలివేట్ అనే పనిముట్టు 7 నుంచి 8కి తీసుకెళ్తుంది, కాపీ మీద దాన్ని చూద్దాం. పీహెచ్‌పీ సంగతి మాత్రం అక్క చెప్పినట్టు చేత్తో చూసుకోవాల్సిందే. అప్పటిదాకా ఆ మిషన్‌ని బయటి ఇంటర్నెట్‌కి తెరవకండి.

పెరంబూరు_డేటాబేస్ | సోమవారం ఉదయం 9:40

కౌంటర్ తెరిచారా? కాగితం మీద రాసుకున్న నంబరు ఎంత?

అంబత్తూరు_నెల్లూరోడు | సోమవారం ఉదయం 9:52

కాగితం మీద 48,216. ఇందాక 9:10కి కొత్తదాంట్లో పడిన మొదటి బిల్లు 48,217, అక్కా.